కామేశం గారి తప్పేమీ లేదు

కామేశం గారికి ఒకటే అలవాటు. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పేసుకుంటారు.

చోడవరంలో కరెంటు పోతే ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు క్షమాపణ చెబుతారు. బస్సు ఆలస్యమైతే స్టాపులో నిలబడ్డవాళ్ళందరికీ పేరుపేరునా చెబుతారు. రాంగ్ నంబరు ఫోన్ వస్తే, అవతలివాళ్ళకు కావలసిన మనిషి తాను కాకపోయినందుకు నిజంగానే నొచ్చుకుంటారు. ఒకసారి షేర్ ఆటోలో రావికమతం వెళ్తున్నాం. దారిలో ఒక భారీ మనిషి ఎక్కుతూ ఆయన పాదాన్ని పచ్చడి చేశాడు. ఆ మనిషి నోరు తెరిచేలోపే కామేశం గారు, "క్షమించండి, నా కాలు మీ కాలి కిందకొచ్చీసింది" అన్నారు. ఆ మనిషి పెద్దమనసు చేసుకుని క్షమించాడు. ఇకమీదట చూసుకుని కూర్చోమని కూడా చెప్పాడు.

పక్కన కూర్చున్నది నేను. రావికమతం వచ్చేదాకా చున్నీ ముఖం మీదకు లాక్కుని, ఈయనెవరో నాకు తెలియనట్టు చెరుకు తోటలు చూస్తూ ఉండిపోయాను.

నా పేరు వాగ్దేవి. రైతుల పొలాల్లో డ్రిప్పు పైపులు బిగించే ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తాను. కామేశం గారు అదే కంపెనీలో పొలాలు కొలుస్తారు. ఎక్కడ ఎంత పైపు పడుతుందో, నీళ్ళు ఏ వాలుకు పోతాయో చూసి చెప్పడం ఆయన పని. రైతుల సంతకాల కోసం నేను కూడా ఆయనతో తిరగాల్సి వస్తుంది. ఆయనతో బయటికి వెళ్ళిన ప్రతిసారీ నేను సిగ్గుతో సగమై తిరిగొస్తాను.

ఆ మధ్య మా కొలీగు పెళ్ళికి వెళ్ళాం. సాంబారులో ఉప్పు ఎక్కువైంది. మా పక్కవాళ్ళు ముఖాలు చిట్లించడం చూసి కామేశం గారు తింటున్న విస్తరి వదిలేసి లేచారు. వరసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఉప్పు కాస్త ఎక్కువైంది, ఏమీ అనుకోవద్దని చెప్పడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఆయనే వంటమేస్త్రీ అనుకున్నారు. పెరుగు కూడా పుల్లగా ఉందన్నారు. దానికీ ఒప్పుకున్నారు. గులాబ్‌జామ్ గట్టిగా ఉందని ఇంకొకాయన కేకలేస్తే, వచ్చే పెళ్ళికి జాగ్రత్త పడతానని మాటిచ్చారు.

ఇంత సులువుగా ఊరందరికీ క్షమాపణలు పంచే మనిషి ఇంట్లో మాత్రం పంచరట. ఈ సంగతి ఆయన భార్య సీతామహాలక్ష్మి గారే నాకు చెప్పారు. "పక్కింటి కోడి మనింట్లోకి వస్తే ఆ కోడికి కూడా సారీ చెప్తారమ్మా. పాలు పొయ్యి మీద పెట్టి చూస్తానని చెప్పి మాడ్చేసినప్పుడు మాత్రం నోరు పెగల్దు. ఓ గంట కనిపించరు. తర్వాత బజ్జీల పొట్లంతో వస్తారు" అన్నారావిడ. అంటే తప్పు నిజంగా తనదే అయినప్పుడు ఆయనకు మాట రాదన్నమాట.

మా యజమాని కృష్ణకాంత్ గారికి సరిగ్గా దీనికి ఎదురు జబ్బు. ఆయన జన్మలో తప్పు చేసి ఎరగరు. వాళ్ళ నాన్నగారి మోటారు పంపుల కొట్టును కంపెనీగా మార్చిన మనిషి. కష్టపడతారు. జీతాలు ఆలస్యం కానివ్వరు. కానీ ఆయన పంపిన మెయిలు తప్పు చిరునామాకు వెళితే ఆ చిరునామాదే తప్పు. ఇలా వీళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి బ్రహ్మాండంగా కుదిరింది. ఒకరు చేసేవారు, ఒకరు ఒప్పుకునేవారు. మధ్యలో మేమంతా తలొంచుకుని పని చేసుకునేవాళ్ళం.

అలా ఉండగా హైదరాబాదు నుంచి ఒక పెద్ద పైపుల కంపెనీ మా వైపు మండలాలన్నిటికీ కలిపి ఒకే డీలర్ని పెట్టాలనుకుంది. వాళ్ళ అధికారి శ్రీదుర్గ గారు మమ్మల్ని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అప్పటికి మా వ్యాపారం బాగా నెమ్మదించింది. ఈ డీలర్‌షిప్ రాకపోతే కొత్తగా చేరిన వాళ్ళను మానిపించక తప్పదని కృష్ణకాంత్ గారు నాతో అన్నారు. కొత్తగా చేరినవాళ్ళంటే ముఖ్యంగా అశ్విని. కంప్యూటర్ మీద పొలాల ప్లాన్లు గీసే అమ్మాయి. ఆ అమ్మాయి ఆ మాట చాటుగా వినేసిందని నాకు తర్వాత తెలిసింది.

వచ్చేవాళ్ళు మనల్ని చూడగానే పడిపోవాలి అన్నారు కృష్ణకాంత్ గారు. అందుకోసం మీటింగు గదిలో ఒక బల్ల కావాలన్నారు. మామూలు బల్ల కాదు. విశాఖలో ఎవరి ఆఫీసులోనో చూశారట. పెద్ద చెట్టును నిలువునా కోసిన ఒకే పలక. అంచులు చెక్కకుండా, చెట్టుకు ఎలా వంకరగా ఉన్నాయో అలాగే వదిలేస్తారు. దాని చుట్టూ కూర్చుంటే మాటకు బరువొస్తుందని ఆయన నమ్మకం. టేపు తెప్పించి, ఒక చివర మా అటెండరు దాసు చేత పట్టించి, మేమందరం చూస్తుండగా గదిని స్వయంగా కొలిచారు. పదమూడడుగులు అని ప్రకటించారు. చెక్కను ఎంచుకురమ్మని నన్నూ కామేశం గారినీ అనకాపల్లి రోడ్డులోని టింబర్ డిపోకి పంపారు.

డిపో యజమాని సత్యారావు పలకలను గోడకు వరసగా ఆనించి పెట్టాడు. కామేశం గారు మొదటి అడుగులోనే ఒక మామిడి పలకను మోచేత్తో గుద్దుకుని, దానికి క్షమాపణ చెప్పారు. సత్యారావు నా వైపు చూశాడు. నేను గోడమీద రాసి ఉన్న ఫోన్ నంబరు చదవడంలో మునిగిపోయాను.

పనస పలక పసుపు పచ్చగా మెరిసిపోతోంది కానీ పొట్టిది. మామిడి పలకకు పురుగు పట్టింది. చివరన నిద్రగన్నేరు పలక ఒకటి ఉంది. నిలువెత్తు మనుషులు ముగ్గురు వరసగా పడుకునేంత పొడవు. గోధుమ రంగు మీద నల్లటి చారలు వాగులో నీళ్ళలా సాగాయి. ఒక అంచు దగ్గర గుప్పెడంత తొర్ర. చూడగానే ఇద్దరికీ నచ్చేసింది. కామేశం గారు ఆ తొర్రలో చెయ్యి పెట్టి, ఇందులో చిలకలేమైనా ఉండేవా అని అడిగారు. ఉండే ఉంటాయన్నాడు సత్యారావు. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించుకోగలరు. ఇల్లు పోయిన ఆ చిలకలకు ఆయన చాలాసేపు సంజాయిషీ చెప్పుకున్నారు. డిపోలో చెక్క కోస్తున్న మనుషులు రంపం ఆపి మరీ విన్నారు. భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండునని నేను మనసారా కోరుకున్నాను.

ఎంత పొడుగుకు కొయ్యాలని సత్యారావు అడిగాడు. కృష్ణకాంత్ గారు చెప్పిన పదమూడడుగులే చెప్పాను. "గది ఎంతుంటాది?" అన్నాడు అతను. అది నాకు తట్టలేదు. కామేశం గారికి తట్టింది. ఆయన పక్కకు వెళ్ళి కృష్ణకాంత్ గారికి ఫోన్ చేశారు. బాబూ, గది కూడా పదమూడే కదా, బల్ల అంతే ఉంటే ఎలాగని నెమ్మదిగా అడగడం నాకు వినపడింది. అవతలి గొంతు ఇంకా బాగా వినపడింది. కొలిచింది ఎవరు, నేనా మీరా అంటోంది. కామేశం గారు, అడిగినందుకు తప్పు నాదేనని ఒప్పుకుని ఫోన్ పెట్టేశారు. నావైపు తిరిగి, "చెప్పిన కొలతకే కోయించేద్దావమ్మా" అన్నారు.

పలకను నున్నగా చేసి పాలిష్ పట్టేసరికి ఆలస్యమైంది. శ్రీదుర్గ గారు వచ్చే రోజు పొద్దున్నే బల్ల వచ్చింది. మోతగాళ్ళు దాన్ని మేడ మీదకు ఎక్కించి, పక్కకు తిప్పి గదిలోకి దూర్చి, ఇనుప కాళ్ళ మీద దించి, ఎంత బాగుందో చూసుకోమని చెప్పి వెళ్ళిపోయారు. చూసుకున్నాం. బల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అతుక్కుపోయి ఉంది. గది రెండు ముక్కలైంది. తలుపు ఇటు, కిటికీ అటు. ముందురోజే వేసిన కుర్చీల్లో సగం కిటికీ వైపు ఉండిపోయాయి. అటు వెళ్ళడానికి దారి లేదు.

కృష్ణకాంత్ గారు ముందు బల్లను చూశారు, తర్వాత గోడలను చూశారు. గోడలు దగ్గరికి జరిగినట్టు వాటిమీద కోపంగా ఉన్నారు. తర్వాత దాసును, టేపు సరిగ్గా పట్టుకున్నావా అని నిలదీశారు. ఆ మీదట అశ్విని మీదకు తిరిగారు. ప్లాన్లు గీసే మనిషివి, ఇది చూసుకోవద్దా అన్నారు. ఆ అమ్మాయికి బల్లతో ఏ సంబంధమూ లేదు. అయినా ఉద్యోగం అప్పుడే పోయినట్టు చూసింది.

"తప్పు నాదేనండి" అన్నారు కామేశం గారు. "డిపోకి వెళ్ళింది నేను కదా. నాకు తట్టలేదు."

కృష్ణకాంత్ గారు ఒక్క క్షణం ఆయన వైపు చూసి, సరే జరిగిందేదో జరిగింది అన్నారు. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. కొలిచింది ఎవరో అందరికీ తెలుసు. ఒక్కరం కూడా నోరు విప్పలేదు.

వేరే మార్గం లేదు. వచ్చేవాళ్ళు తలుపు వైపు కూర్చుంటారు, మనం ముందే కిటికీ వైపు వెళ్ళి కూర్చోవాలి అన్నారు కృష్ణకాంత్ గారు. అలాగే ఒకరి తర్వాత ఒకరం బల్ల కింద నుంచి పాకాం. కొత్త చీర కట్టుకుని ఆఫీసు బల్ల కింద మోకాళ్ళ మీద పాకడం ఎలా ఉంటుందో నేను చెప్పను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో కృష్ణకాంత్ గారు పాకడం మాత్రం చూశాను. చూసినట్టు ఆయనకు తెలియకుండా చూశాను. అందరికంటే వెనక కామేశం గారు వచ్చారు. తలకు ఇనుప కాలు తగిలితే దానికేదో చెప్పుకుంటూ వచ్చారు.

శ్రీదుర్గ గారు ఇద్దరు సహాయకులతో లోపలికొచ్చారు. నడివయసు మనిషి, నిదానంగా చూసే కళ్ళు. బల్ల చాలా అందంగా ఉందని మెచ్చుకుని కూర్చున్నారు. ఫైలు తెరవబోయి ఆగారు. ఎడమ గోడ చూశారు, కుడి గోడ చూశారు, వరసగా కూర్చున్న మమ్మల్ని చూశారు.

"మీరంతా అటుపక్కకి ఎలా వెళ్ళారు?" అని అడిగారు.

దాసు టీ కప్పులతో తలుపు దగ్గర నిలబడిపోయాడు. కామేశం గారే లేచి, చేతులు కట్టుకుని, కొలతలో తేడా వచ్చిందమ్మా, ఆ తప్పు నాదే అని చెప్పారు. అక్కడితో అయిపోతుందనుకున్నాం. ఎప్పుడూ అక్కడితోనే అయిపోతుంది. కానీ శ్రీదుర్గ గారు ఫైలులో ఒక కాగితం చూసి, ఇక్కడ పొలాలు కొలిచేది కామేశం అని ఉంది, ఆయన మీరేనా అన్నారు. అవునన్నారాయన.

ఆవిడ ఫైలు మూసేశారు. కోపంగా కాదు, బాధగా మూశారు. "గదికి బల్ల కొలవడంలోనే ఇంత తేడా వస్తే, రైతు చేనులో పైపు ఎక్కడ తేలుతుందండీ? మా పేరు పెట్టుకుని మీరు పని చెయ్యాలి కదా" అన్నారు.

కామేశం గారి ముఖం తెల్లబోయింది. తన అలవాటు ఇలా అడ్డం తిరుగుతుందని ఆయన అనుకోలేదు. కాదు అంటే తప్పు ఎవరిదో చెప్పాలి. ఊరుకుంటే కంపెనీ మునుగుతుంది. నేను తలొంచుకున్నాను. ఆ బల్ల మీద నల్ల చారలు ఎలా సాగాయో ఇప్పటికీ గీసి చూపించగలను. నా పక్కన అశ్విని, తన పక్కన ఇంకొకరు, అందరం వాటినే చూస్తున్నాం. ఆయన తప్పు కాదని తెలిసినవాళ్ళం అంతమందిమి ఉండి, గోడకూ బల్లకూ మధ్య ఇరుక్కుని సిగ్గుతో కూర్చున్నాం.

కుర్చీ చప్పుడైంది. కృష్ణకాంత్ గారు లేచారు.

"ఆయన కాదు మేడమ్. నేను కొలిచేను" అన్నారు. "గది కొలిచి, అదే బల్ల కొలత అని చెప్పీసేను. ఆయన డిపో నుంచి ఫోన్ చేసి అడిగేరు కూడా. నేనే కసిరేను. తప్పు..." అని ఆగిపోయారు. ఆ మాట ఆయన నోటికి కొత్త.

కామేశం గారికి చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. "నెమ్మదిగా అనండి బాబూ, కంగారు లేదు" అన్నారు.

"తప్పు నాదండీ" అన్నారు కృష్ణకాంత్ గారు.

శ్రీదుర్గ గారు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశారు. నవ్వు ఆపుకుంటున్నారని ఆవిడ చెంపలు చెప్పేశాయి. అయితే ఈయన కొలిచిన చేను ఒకటి నాకు చూపించండి, మిగతాది తర్వాత మాట్లాడదాం అన్నారు. కామేశం గారు అబద్ధం చెప్పినందుకు ఆవిడకు క్షమాపణ చెప్పి, మళ్ళీ బల్ల కింద దూరారు.

చీడికాడ దగ్గర దేముడమ్మ చెరుకు తోటకు వెళ్ళాం. శ్రీదుర్గ గారు గట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచారు. ప్రతి మొక్క దగ్గరా నేల ఒకేలా తడిగా ఉంది. కామేశం గారు మోటారు దగ్గర ఏదో చూస్తుంటే ఆవిడ దేముడమ్మను, ఈయన పని ఎలా ఉంటుందని అడిగారు.

"పనికేటమ్మా, బంగారం" అంది దేముడమ్మ. "సారీలే ఎక్కువ. వానొచ్చినా ఆ బాబే సారీ సెప్తాడు, రాకపోయినా ఆ బాబే సెప్తాడు."

శ్రీదుర్గ గారు నవ్వారు. దేముడమ్మ నవ్వలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, మిగతాది కూడా చెప్పింది.

"పోయినేడు మా ఆయన మరీ లోతుగా దున్నీసి పైపు తెంపీసినాడు. నీళ్ళన్నీ పక్క చేలోకి పోయినాయి. ఆ చేను మా బావగారిది. అన్నదమ్ములిద్దరూ గట్టుమీద కొట్టుకోడానికి సిద్ధవైపోయేరు. ఈ బాబొచ్చి మజ్జిలో నిలబడి, పైపు లోతుగా పాతకుండా పైపైన వేసీసినాను, తప్పు నాదే, నన్ను తిట్టండి అన్నాడు. ఇద్దరూ కలిసి ఈ బాబుని తిట్టేరు. తిట్టి తిట్టి అలిసిపోయి, కలిసే ఇంటికెళ్ళి అన్నం తిన్నారు." మోటారు వైపు చూసి, "పైపు మోకాలి లోతునుంది. తవ్వినప్పుడు నాను సూసేను" అంది.

మోటారు దగ్గరున్న ఆ బక్కపలచటి మనిషిని నేను మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. ఇన్నాళ్ళూ ఆయన పక్కన నడవడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడుతున్న సిగ్గు వేరే రకం.

తిరిగొచ్చేటప్పుడు జీపులో నేను ఉండబట్టలేక, చెయ్యని తప్పులన్నీ మీరెందుకు మోస్తారని అడిగేశాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ చాలా మామూలుగా చెప్పారు.

"తప్పెవరిదో తేలేదాకా ఎవరూ పని ముట్టుకోరమ్మా. ఒకళ్ళు ఒప్పీసుకుంటే మిగతావాళ్ళు ముందుకెళ్తారు. నాకేటి బరువు? నాలుగు మాటలు పడతాను, మరిచిపోతాను. పడలేని వాళ్ళుంటారు. వాళ్ళ మొహం చూస్తే తెలిసిపోద్ది."

పొద్దున అశ్విని ముఖం నాకు గుర్తొచ్చింది. తర్వాత మధ్యాహ్నం కృష్ణకాంత్ గారి ముఖం కూడా. నేనూ బయటకే చూశాను.

డీలర్‌షిప్ మాకే వచ్చింది. పొలాల కొలతలన్నీ కామేశం గారే చూడాలనీ, ఆఫీసు గదుల కొలతలు ఎవరూ తియ్యకూడదనీ శ్రీదుర్గ గారు ఫోన్లో షరతు పెట్టారు. అశ్వినికి పని రెట్టింపైంది. బల్లను కోసి పొట్టి చెయ్యమని సత్యారావును పిలిస్తే, ఇంత పలకను ముక్క చెయ్యడానికి తనకు చేతులు రావన్నాడు. అందుకని దాన్ని కిందకు దించి, పైపులు పెట్టే షెడ్డులో వేశాం. రైతులు ఇప్పుడు దాని చుట్టూ కూర్చుని, తమ చేను ప్లాను పరుచుకుని చూసుకుంటారు. పై గదిలో ప్లాస్టిక్ బల్ల వేశాం. చుట్టూ తిరగడానికి బోలెడంత చోటుంది.

బల్లను కిందకు దించిన సాయంత్రం కృష్ణకాంత్ గారు ఆ షెడ్డులోనే అందరికీ టీ తెప్పించారు. ఆయన ఏదో చెప్పాలనుకుంటున్నారని మాకు తెలుస్తోంది. రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నారు. చివరకు లేచి నిలబడి, అందరి ముందూ, "కామేశం గారూ, థాంక్సండీ" అన్నారు.

కామేశం గారు గభాలున వెనక్కి తిరిగి చూశారు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. టీ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. క్షమాపణలు చెప్పడంలో ఆరితేరిన మనిషికి ఈ మాటకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. సిగ్గుతో నేలచూపులు చూశారు.

తర్వాత తలెత్తి, "షెడ్డులో సరిగ్గా వినపడలేదు బాబూ. ఇంకోసారి అనండి" అన్నారు.